రేవు దొరికింది, దారి దొరకలేదు

డంకర్క్ సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ తరలింపుని నిజంగా నడిపించిన అడ్మిరల్ బెర్ట్రమ్ రామ్‌సే. ఆయన గురించి చదువుతుంటే డంకర్క్ కన్నా ఆంట్‌వర్ప్ కథే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

రామ్‌సే 1883లో ఇంగ్లండ్‌లో పుట్టారు. పదిహేనేళ్లకే నేవీలో చేరారు. 1935లో పై అధికారితో పడక పదవి వదిలేశారు, 1938లో రిటైరయ్యారు. మరుసటి ఏడాది యుద్ధం రావడంతో మళ్లీ పిలిచారు. 1940లో డోవర్ కోట కింద సొరంగాల్లోంచి పనిచేస్తూ, పది రోజుల్లోపే 3,38,226 మంది సైనికుల్ని డంకర్క్ నుంచి ఇంగ్లండ్‌కి చేర్చారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి నౌకాదళం మొత్తం ఆయన చేతికిందే నడిచింది.

ఆ తర్వాత అసలు చిక్కు మొదలైంది. సైన్యాలు బెల్జియం దాకా దూసుకెళ్లాయి, సరుకు మాత్రం ఇంకా నార్మండీ తీరం నుంచే రావాలి. వందల కిలోమీటర్లు లారీల్లో పెట్రోలు మోస్తుంటే ఆ లారీలే బోలెడు తాగేసేవి. షెర్‌బూర్ రేవు దొరికింది కానీ, జర్మన్లు దాన్ని ధ్వంసం చేసి మరీ లొంగిపోయారు.

అలాంటి టైంలో, సెప్టెంబర్ 4న, ఆంట్‌వర్ప్ రేవు క్రేన్లతో సహా దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. అయితే అది సముద్రం ఒడ్డున లేదు. షెల్ట్ నది మీదుగా సుమారు 80 కిలోమీటర్లు లోపలికి రావాలి. నది ముఖద్వారం దగ్గర గట్లు జర్మన్ల చేతిలో, నీళ్లలో మైన్లు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ ఆన్‌లోనే ఉంది, మధ్యలో దారి బ్లాక్ అయింది.

ఈ ప్రమాదం గురించి రామ్‌సే ఒకరోజు ముందే పైవాళ్లని హెచ్చరించారు. కానీ మాంట్‌గొమరీ దృష్టి ఆర్న్‌హెమ్ వంతెన మీద ఉంది. ఆ దాడి విఫలమైంది. చివరికి అక్టోబర్, నవంబర్ నెలల్లో, ఎక్కువగా కెనడా సైనికులు, వరద నీళ్లలో నడుస్తూ ఆ గట్ల కోసం పోరాడారు. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు కలిపి దాదాపు 13 వేలమంది. మైన్లు తీశాక, నవంబర్ 28న మొదటి ఓడల వరుస రేవు చేరింది. ఊరు చేతికొచ్చిన 85 రోజులకి!

డిసెంబర్‌లో హిట్లర్ చేసిన పెద్ద దాడికి గురి కూడా ఆంట్‌వర్పే. రామ్‌సే ఆ యుద్ధం ముగింపు చూడలేదు. 1945 జనవరి 2న, మాంట్‌గొమరీని కలవడానికి బ్రస్సెల్స్ బయల్దేరిన ఆయన విమానం పారిస్ దగ్గర కూలిపోయింది. అప్పటికి ఆయనకి 61 ఏళ్లు.

ఆ హెచ్చరికని ఆ వారమే పట్టించుకుని ఉంటే ఆ 13 వేలమందిలో ఎంతమంది క్షేమంగా ఇంటికి వెళ్లేవాళ్లు? నన్ను వదలని ప్రశ్న ఇదే.