నౌకావీరుడు సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్

ఉగాది సంచికకు వొక వ్యాసం వ్రాసి యివ్వవలసినదని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము మొదట వెనుకాడాము. మేము పండితులము కాము. మెట్రిక్‌తో చదువు చాలించి, రైల్వేలో గూడ్సు లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలము. పురాణపురుషులను గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది వున్నారు. కనుక మేము నిత్యం చేతులాడించే సరుకు రవాణానే ఆధారం చేసుకొని, ఆ రంగంలో తన జీవితమంతా పోరాడిన వొక మహాపురుషుని కథ చెప్పదలచాము. ఆయన తెలుగువాడు కాడు. ఐనా తెలుగుగడ్డకు వొక గొప్ప పరిశ్రమను తెచ్చిపెట్టినవాడు.

కథకు ముందు వొక్కమాట. మన పొన్నేరికి సముద్రం కొత్త కాదు. తూర్పున పులికాటు వున్నది. 17వ శతాబ్దంలో డచ్చివారు కోట కట్టుకొని వ్యాపారం సాగించిన రేవు అది. దక్షిణాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు వున్నవి. ఒడిశా గనుల బొగ్గు పారాదీపు రేవులో ఓడకెక్కి, తీరం వెంట వచ్చి, ఎన్నూరులో దిగి, విద్యుత్కేంద్రాలలో మండి, మన యిళ్ళలో దీపమై వెలుగుతున్నది. యీ బొగ్గు రవాణా ముఖ్యోద్దేశంగానే తమిళనాడు సర్కారువారు 1974లో పూంపుహార్ షిప్పింగ్ కార్పొరేషన్‌ను స్థాపించారు. మన దేశపు వొక రేవునుంచి మన దేశపు మరొక రేవుకు సరుకు పోవాలంటే, ఆ ఓడ యెవరిదై వుండాలి? మనదే కావాలా, యెవరిదైనా ఫరవాలేదా? యీ చిన్న ప్రశ్నే సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్‌గారి జీవితంలో పెద్ద ప్రశ్న అయినది.

ఆయన 1882వ సంవత్సరం నవంబరు 23న షోలాపూరులో వొక గుజరాతీ జైన కుటుంబంలో జన్మించారు. తండ్రిగారిది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం. వాల్‌చంద్‌గారు బొంబాయిలోను, పూనాలోను కాలేజీలో చేరారు గాని చదువు పూర్తి చేయలేదు. తండ్రుల వ్యాపారం మీదా మనసు నిలవలేదు. రైలుమార్గాలు వేసే కాంట్రాక్టులకు దిగారు. అప్పుడు ఆయనకు భాగస్థుడుగా దొరికినవారు లక్ష్మణరావు బల్వంత్ ఫాటక్‌గారు. యీ ఫాటక్‌గారు పూర్వాశ్రమంలో రైల్వే గుమాస్తా! యీ సంగతి తెలిసిననాడు మేము మా కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నామని చదువరులతో చెప్పుకొనడానికి సిగ్గుపడము. యీ యిద్దరూ బార్సీ లైట్ రైల్వే పనితో మొదలుపెట్టి పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. బొంబాయి పూనాల నడుమ భోర్‌ఘాట్ సొరంగాల పనిలో కూడా వాల్‌చంద్‌గారి చేయి వున్నది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి లోకంలో ఓడలకు కరువు వచ్చినది. ఆ సమయంలో గ్వాలియరు మహారాజు సింధియాగారి వద్ద లాయల్టీ అనే ఓడ అమ్మకానికి వున్నది. 1890లో కట్టిన పాత ఓడ. యుద్ధకాలంలో ఆస్పత్రి ఓడగా పనిచేసినది. వాల్‌చంద్‌గారు, నరోత్తం మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయ్ సామల్‌దాస్‌గార్లు కలిసి దానిని కొన్నారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని పేరు పెట్టారు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయినుంచి లండనుకు బయలుదేరినది. 1964నుంచి ఆ తేదీని మన దేశంలో జాతీయ నౌకాదినంగా జరుపుతున్నారు. యించుమించు మన ఉగాది రోజులలోనే ఆ పండుగ కూడా వస్తుంది.

ఓడ కొనడం తేలిక, నడపడం కష్టం. అప్పటికి మన తీరమంతా బ్రిటిషిండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి చేతిలో వున్నది. కాకినాడ, విశాఖపట్నం రేవులనుంచి మన తెలుగు కూలీలు, మేస్త్రీలు, వర్తకులు రంగూను పోయినది వారి స్టీమర్లమీదనే. సర్కారువారి తపాలా మోసే కాంట్రాక్టు సొమ్ము కూడా వారికి ముడుతూవుండేది. ఆ కంపెనీకి అధిపతి ఇంచ్‌కేప్ ప్రభువు.

వారి పద్ధతి యెలాంటిదంటే, కొత్త కంపెనీ వొక మార్గంలో ఓడ వేయగానే ఆ మార్గంలో కిరాయి దింపేవారు. తమకు నష్టం వచ్చినా పెద్ద బొక్కసం గనుక ఓర్చుకొనేవారు. కొత్తవాడు దివాలా తీయగానే కిరాయి మళ్ళీ పైకి పోయేది. మరొక ఉపాయం కూడా వున్నది. వర్తకుడు చెల్లించిన కిరాయిలో కొంత భాగాన్ని కొన్ని నెలల తరువాత తిరిగి యిస్తామని తమవద్దనే వుంచుకొనేవారు. ఈలోగా ఆ వర్తకుడు వొక్క బస్తా అయినా వేరే కంపెనీ ఓడలో వేశాడా, ఆ సొమ్ముమీద ఆశ వదులుకోవలసినదే. మన వీధి కొట్టువాడు తన బాకీ ఖాతాతో మనలను పక్క కొట్టుకు పోనీయకుండా కట్టివేస్తాడే, అటువంటిది యిది.

యీ దెబ్బ యెటువంటిదో తమిళసోదరులకు ముందే తెలుసు. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళైగారు స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి కొలంబోకు ఓడలు నడిపారు. యెదుటి కంపెనీ ఛార్జీలు తగ్గించి తగ్గించి పోటీ చేసినది. 1908లో పిళ్ళైగారిని జైలుకు పంపారు. 1911కల్లా ఆ కంపెనీ మూతబడినది. వారి త్యాగాన్ని తలచుకొని నమస్కరించకుండా యీ నాట నివసిస్తున్న మనము ముందుకు పోరాదు.

వాల్‌చంద్‌గారు ఆ గతి తప్పించుకొన్నారు గాని, తేలికగా కాదు. కిరాయి యుద్ధంలో సింధియా కంపెనీకి చాలా నష్టం వచ్చినది. ఆఖరుకు 1923లో బ్రిటిష్ కంపెనీలతో పదేండ్ల ఒప్పందం చేసుకోవలసివచ్చినది. దానిప్రకారం సింధియావారు తీరపు సరుకు మాత్రమే మోయాలి. విదేశాలకు పోరాదు. ఓడల మొత్తం 75,000 టన్నులు మించరాదు. యిది వాల్‌చంద్‌గారికి యిష్టమైన ఒప్పందం కాదు. కాని బతికివుంటేనే గదా పోరాడేది! ఒప్పుకొన్నారు. తరువాత పుట్టిన చిన్న స్వదేశీ కంపెనీలకు, పెద్దల కూటమిలో చేరిన సింధియా కూడా వొక పెద్ద పోటీదారుగానే కనిపించినదన్న మాట దాచవలసిన పనిలేదు.

ఆ 1923లోనే సర్కారువారు భారతీయ వాణిజ్య నౌకలను గురించి వొక కమిటీ వేశారు. తీరపు వ్యాపారం క్రమంగా భారతీయుల ఓడలకే కేటాయించాలనీ, మన యువకులకు నౌకాశిక్షణ యివ్వాలనీ ఆ కమిటీ సిఫారసు చేసినది. రెండవదానికి సర్కారు తలవూపి 1927లో డఫరిన్ అనే శిక్షణ ఓడను యేర్పాటు చేసినది. మొదటిదానిని పక్కన పెట్టినది. 1928లో సారాభాయ్ హాజీగారు కేంద్ర శాసనసభలో తీర రిజర్వేషను బిల్లు ప్రవేశపెట్టారు. దానిమీద పెద్ద దుమారం లేచినది. యిది బ్రిటిషువారి ఆస్తి హరించడమేనని వొకరన్నారు. పోటీ పోతే కిరాయి పెరిగి వర్తకులూ ప్రజలూ నష్టపోతారని వొకరన్నారు. బిల్లు చట్టం కాలేదు.

యిందులో విచిత్రం చూడండి. ఇంగ్లండువారు 1651లో నావిగేషన్ చట్టం చేసి తమ వ్యాపారంలోకి పరదేశి ఓడలు రాకుండా కట్టడి చేసుకొన్నారు. దాదాపు రెండువందల ఏండ్లు ఆ కంచెలోపల తమ నౌకాబలాన్ని పెంచుకొన్నారు. 1849లో గాని ఆ చట్టాలు తీసివేయలేదు. అమెరికావారు 1920లో జోన్స్ చట్టం చేసి, తమ రేవుల మధ్య సరుకు తమ దేశంలో కట్టిన, తమవారి సొంతమైన, తమవారు నడిపే ఓడలే మోయాలన్నారు. అదే కోరిక మనవాడు కోరితే మాత్రం అన్యాయమైపోయినది! 1931లో గాంధీజీ కూడా తన పత్రికలో యీ సంగతిపై వ్రాసి, మహాకాయునికీ మరుగుజ్జుకూ సమానత్వమనడం సమానత్వం కాదని తేల్చారు. ఐనా 1935 భారత ప్రభుత్వ చట్టంలో బ్రిటిష్ ఓడలకు యిక్కడ యే వివక్షా చూపరాదని సెక్షన్లు చేర్చారు. చట్టసభ తలుపు మూసి, తాళం కూడా వేసినట్లయినది.

1929లో నరోత్తం మొరార్జీగారు మరణించగా వాల్‌చంద్‌గారు కంపెనీకి అధ్యక్షులయ్యారు. చట్టం రానప్పుడు ఓడలనే మన దేశంలో కట్టుకొందామని నిశ్చయించారు. కలకత్తాలో స్థలం కుదరలేదు. దృష్టి విశాఖపట్నం మీద పడినది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 6న జపానువారు విశాఖమీద బాంబులు వేశారు. పని ఆగినది, యంత్రాలు బొంబాయికి తరలించారు. మరొకరైతే అక్కడితో విరమించుకొనేవారు. యుద్ధం ముగిసిన తరువాత ఆయన మళ్ళీ మొదలుపెట్టించారు. 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూగారి చేతులమీదుగా 8,000 టన్నుల జల ఉష విశాఖ నీటిలోకి జారినది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ తెలుగుతీరాన పుట్టినది. వెనుకటికి గోదావరి ముఖాన కోరంగిలో కొయ్య ఓడలు కట్టిన జాతికి యిది పోయిన సొమ్ము దొరికినట్లు కాదా?

స్వరాజ్యం వచ్చిన తరువాత కంచె కూడా వచ్చినది. 1947లో నౌకావిధాన కమిటీ తీరపు వ్యాపారం నూటికి నూరుపాళ్ళు స్వదేశీ ఓడలకే వుండాలన్నది. 1950లో సర్కారు ఆ విధానాన్ని అమలుకు తెచ్చినది. 1958 వాణిజ్య నౌకాచట్టం విదేశీ ఓడ తీరపు సరుకు మోయాలంటే లైసెన్సు వుండాలని నిర్ణయించినది.

కాని ఆ పంట కోతకు వచ్చేవేళకు రైతుకు వొంట్లో బాగులేదు. 1949లో వాల్‌చంద్‌గారికి పక్షవాతం వచ్చినది. 1950లో బాధ్యతలు విడిచారు. నౌకానిర్మాణ కేంద్రం నడపడం కంపెనీకి భారమై, 1952లో సర్కారువారు మూడింట రెండువంతుల వాటా తీసుకొనగా హిందుస్థాన్ షిప్‌యార్డ్ యేర్పడినది. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపురంలో ఆయన కన్నుమూశారు. బెంగుళూరు విమాన కర్మాగారానికి 1940లోను, బొంబాయి ప్రీమియర్ మోటారు కర్మాగారానికి 1944లోను నాంది పలికినది కూడా ఆయనే.

తరువాతి చరిత్ర మనకు రెండువైపులా బుద్ధి చెప్పుతుంది. కంచె వుండబట్టే తీరంలో మన ఓడలు నిలిచినవి, మన నావికులకు పని దొరికినది. ఐతే విశాఖలో కట్టిన ఓడ ఖరీదు విదేశపు ఓడ ఖరీదును మించిపోయేది. ఆ తేడాను సర్కారు సబ్సిడీగా భరించవలసివచ్చినది. అమెరికాలో కూడా జోన్స్ చట్టంవల్ల ఓడలు కొన్నిరెట్లు ప్రియమై, హవాయి వంటి ద్వీపాలవారు కిరాయి భారం మోస్తున్నామని మొరపెట్టుకొంటున్నారు. యిక్కడ, రిజర్వేషను అమలులో వుండగానే, 1980లనుంచి సింధియా కంపెనీ కష్టాలపాలై క్షీణించిపోయినది. 2018లో ఎగుమతి దిగుమతి కంటెయినర్లను మన రేవుల మధ్య లైసెన్సు లేకుండా విదేశీ ఓడలు మోయవచ్చునని సర్కారు సడలింపు యిచ్చినది. 2025లో తీర నౌకాయానానికి ప్రత్యేకంగా కొత్త చట్టం వచ్చినది. అందులోనూ విదేశీ ఓడకు లైసెన్సు నియమం వున్నది.

మా గుమాస్తా బుద్ధికి తోచినది వొక్కటే. కంచె లేని చేను పశువుల పాలు. కాని కంచె వేసి, దున్నక, నీరు పెట్టక కూర్చుంటే పంట పండదు. వాల్‌చంద్‌గారు కంచె అడిగారు, అది దొరికేదాకా నాగలి మాత్రం వదలలేదు. పొట్ట చేతపట్టుకొని పరాయిచోటికి వచ్చిన మనకు యీ పాఠం వొంటబట్టవలసినదే. సంఘం మనకు కంచె. చేను దున్నుకోవలసినది మనమే. మన పిల్లలు ఎన్నూరు రేవు చూడబోయినప్పుడు, అక్కడి ఓడలను చూపి యీ షోలాపూరు సేఠుగారి కథ చెప్పవలసినదని తల్లిదండ్రులను కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలతో సెలవు తీసుకొంటున్నాము.