వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గు

పల్నాటిసీమలో మాచర్ల దాటి నల్లమల వైపు సాగు బాటసారికి ఫాల్గుణ మాసమున ఆకు రాల్చిన మోదుగ చెట్లు నిలువెల్ల ఎఱ్ఱని పూలు దాల్చి కానవచ్చును. వాని సరసనే తునికి, చండ్ర, బిళ్ళుడు, సోమిడ మొదలగు చెట్లు పెరుగును. తునికాకు ఏరువారును, పశువుల కాపరులును, మూలికలు తెచ్చు వైద్యులును ఈ చెట్లను పేరుపేరున ఎఱుగుదురు. ఆ ఎఱుక తరతరములుగా నోటినుండి చెవికి సాగివచ్చినది. ఆ చెట్ల పేర్లను, పూవు, కాయ, విత్తుల వివరములను తెలుగుదేశమున కూర్చుండి గ్రంథస్థము చేసి, లోకమునకు తెలిపినవారిలో అగ్రగణ్యుడు విలియం రాక్స్‌బర్గు. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని విద్వాంసులాయనను కొనియాడుదురు.

రాక్స్‌బర్గు క్రీ. శ. 1751లో స్కాట్లాండు దేశమున ఎయిర్‌షైరు ప్రాంతములో జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున వైద్యుడు కాగోరువాడు మొక్కల శాస్త్రమును గూడ నేర్వవలసియుండెను. ఏలయన మందులలో పెక్కు మొక్కలనుండియే లభించెడివి. అచ్చటి ఆచార్యుడు జాన్ హోపు స్వీడను పండితుడగు లిన్నేయసు పద్ధతిని బోధించెను. ఆ బోధయే రాక్స్‌బర్గు జీవితమునకు త్రోవ చూపెను.

ఆ పద్ధతి యెట్టిదో తెలిసికొనుట అవసరము. చెట్లకును స్త్రీపురుష భేదము కలదు. పూవులోని కేసరములు పురుషభాగములు. వాని కొనయందు పుప్పొడి యుండును. నడుమనుండు కీలము స్త్రీభాగము. దాని యడుగున అండములుండును. పుప్పొడి కీలపు కొనపై పడి, సన్నని నాళమును లోనికి చొప్పించి, అండముతో కలియగా విత్తనమేర్పడును. లిన్నేయసు ఈ భాగముల లెక్కనే ఆధారముగా గొని, గ్రామపు భూములను ఖాతాలవారీగా వ్రాసినట్లు, మొక్కలనన్నింటిని 24 తరగతులుగా వ్రాసెను. ఒకే కేసరము గల పసుపు, అల్లము మొదటి తరగతి. రెండు కేసరముల మల్లె రెండవది. అయిదు కేసరముల ఉమ్మెత్త అయిదవది. ఆరు కేసరముల వరి ఆరవది. గుమ్మడివలె ఆడపూవు, మగపూవు వేరువేరుగా నొకే తీగపై పూయునవి 21వ తరగతి. తాడివలె పోతుచెట్టు, పెంటిచెట్టు వేరుగా నుండునవి 22వ తరగతి. పూవే కానరాని నాచుమొక్కలను, ఫెర్నులను, మరి కొన్నింటిని కట్టకడపటి 24వ తరగతిలో చేర్చి, దానికి రహస్యవివాహమను అర్థమిచ్చు పేరు పెట్టెను. హక్కుదారు తెలియని భూములనన్నింటిని ఒకచోట చేర్చి వ్రాసినట్లే యది.

రాక్స్‌బర్గు 1776లో కుంఫిణీవారి కొలువున సహాయ శస్త్రవైద్యుడుగా మద్రాసు చేరెను. అప్పటి కాయన వయస్సు ఇరువదియైదేండ్లు. కొంతకాలము నాగూరునందుండి, 1781లో గోదావరీ మండలమున సామర్లకోటకు వచ్చెను. అచ్చటి సైనికులకు వైద్యము చేయుట ఆయన ఉద్యోగము. మొక్కలను శోధించుట ఆయన వ్యసనము. సామర్లకోటలో తోటవేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ మొదలగువానిని పెంచి చూచెను. రాజమహేంద్రవరపు కొండలలో అడవిమిరియపు తీగ స్వయముగా పెరుగుచుండుట గుర్తించెను. కుంఫిణీవారు వర్తకులు; వారికి మిరియపు ధర ముఖ్యము. ఆయన వారికి లాభము చూపుచునే, లాభములేని గడ్డిపోచను గూడ అంతే శ్రద్ధతో వర్ణించెను.

లిన్నేయసు శిష్యుడగు కోనిగు అను వైద్యుడు 1768 నుండి దక్షిణదేశమున మొక్కలను శోధించుచుండెను. ఆయన ప్రోత్సాహము రాక్స్‌బర్గునకు గొప్ప అండ. 1785లో కోనిగు కాకినాడ యొద్ద జగన్నాథపురమున వ్యాధిగ్రస్తుడై మరణించెను. రెండేండ్లు గడవకమున్నే మరియొక విపత్తు సంభవించెను. 1787లో తూర్పు తీరమున పెనుగాలివాన చెలరేగి, సముద్రము పొంగి ఊళ్ళను ముంచెను. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గు సేకరించిన మొక్కలు, గ్రంథములు, వ్రాతప్రతులు చాలభాగము నశించెను. ఏండ్ల తరబడి చేసిన లెక్క ఒక్కనాటిలో నీటిపాలయ్యెను. ఇట్టి నష్టమునకు కృంగి విరమించువారు పెక్కుమంది. ఆయన మరల మొదటి చెట్టునుండి మొదలుపెట్టెను.

విశాఖపట్టణమున పాములను శోధించి ప్రసిద్ధికెక్కిన పాట్రిక్ రస్సెల్ 1789లో స్వదేశమునకు మరలగా, కుంఫిణీ వృక్షశాస్త్రజ్ఞుని పదవి రాక్స్‌బర్గునకు లభించెను. అప్పటికే ఆయన దేశీయ చిత్రకారులను నియమించి, కోసి తెచ్చిన కొమ్మను ఎదుట పెట్టి, రంగులలో వ్రాయించుచుండెను. ఆకు ఈనెలు, పూవు విప్పిన భాగములు, కేసరముల సంఖ్య, కాయను కోసిన రూపు అన్నియు ఆ పటములలో కలవు. చిత్రములతో గూడిన వర్ణనలను ఆయన లండనునకు పంపగా, సర్ జోసెఫ్ బ్యాంక్సు వానినుండి 300 ఎన్నుకొని కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథముగా వెలువరింపజేసెను. 1795లో ప్రారంభమైన ఆ ముద్రణము మూడు సంపుటములుగా ముగియుటకు ఇంచుమించు పాతికేండ్లు పట్టినది. పటములను చెక్కినవాని పేరు అందు కలదు. వ్రాసిన మన చిత్రకారుల పేర్లు మాత్రము లేవు. వారి చేతి నైపుణ్యమే నేటికిని వారికి సాక్ష్యము.

ఆ గ్రంథమునందలి చెట్లలో పెక్కు పల్నాటివారికి ఇరుగుపొరుగు వంటివి. పల్నాడు 1801లో కాని కుంఫిణీ పాలనలోనికి రాలేదు. అయినను సర్కారు కొండలలో ఆయన చూచిన చెట్ల జాతులే నల్లమలయందును పెరుగుచున్నవి. తాటిచెట్టును పోతు, పెంటి రూపములతో చిత్రింపించెను. పోతుతాడి గెలవలె వ్రేలాడు పూమట్టలలో పుప్పొడి నిచ్చును. పెంటితాడి కాయలు కాయును. తునికియందును సాధారణముగా మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు. మోదుగ పూవులో రెండు భాగములును ఒకేచోట నుండును. తేనెకై వచ్చు పక్షులు ముక్కునకు పుప్పొడి నంటించుకొని యొక చెట్టునుండి మరియొక చెట్టునకు చేర్చును. మేడిచెట్టు మరింత వింతయైనది. దాని పూలు బయటికి కానరావు. కాయ అని మనము పిలుచునదియే పూలను లోన దాచుకొన్న గిన్నె. మేడిపండు విప్పిన పురుగులుండునని ఎల్లవారును పరిహసింతురు గాని, అట్టి చిన్న కందిరీగజాతి పురుగులే లోపలి పూలకు పుప్పొడి చేర్చు పెండ్లిపెద్దలు. అవి లేనిచో మేడికి విత్తనము లేదు.

సోమిడ బెరడు జ్వరమునకు పనిచేయునని తెలిసి ఆయన 1790 తరువాతి సంవత్సరములలో దానిని వర్ణించి ప్రకటించెను. ఆయన పెట్టిన లాటిను పేరులో ఫెబ్రిఫ్యూగా అను పదము జ్వరహరమను అర్థమిచ్చును. 1830లో ఫ్రెంచి పండితుడు జుస్సియూ ఆ జాతికి తెలుగు పేరునే గైకొని సోయ్‌మిడా అని నామకరణము చేసెను. చండ్రకు సండ్రా అని రాక్స్‌బర్గే పేరుంచెను. ఈ విధముగా పల్లెవాని నోటి మాట లాటిను గ్రంథముల కెక్కినది.

విత్తనముతో పనిలేని వంశవృద్ధిని గూడ ఆయన పరిశీలించెను. రాజమహేంద్రవర ప్రాంతపు రైతులు చెరకు సాగుచేయు తీరును, బెల్లము వండు విధమును వివరముగా వ్రాసెను. చెరకు ముచ్చెను పాతిన కణుపునుండి మొలక వచ్చును. అరటి పిలకలచేతను, పసుపు కొమ్ములచేతను వృద్ధి యగును. ఇట్లు పుట్టిన మొక్క తల్లిని అచ్చముగా పోలియుండును. విత్తనమునుండి పుట్టినది తల్లిదండ్రు లిరువురి గుణములను పంచుకొని క్రొత్తదనము చూపును.

ఇంతలో 1789 మొదలుకొని ఉత్తర సర్కారులలో వరుసగా వానలు తప్పెను. 1791, 1792 సంవత్సరములలో కాటకము ప్రబలెను. మద్రాసు చేరినది మొదలు వాయుభారమును, ఉష్ణమును దినమునకు పలుమార్లు చూచి వ్రాసికొనుట రాక్స్‌బర్గున కలవాటు. ఆ లెక్కలు నేటి వాతావరణ శాస్త్రజ్ఞులకు నుపకరించుచున్నవి. ఆయన గుడారములలోని రోగులను, దారుల ప్రక్కన పడియున్న ఆకలిచావులను కన్నులార చూచెను. వర్షాధారమగు గింజపంటలనే నమ్ముకొన్న ప్రజలకు అనావృష్టియందును ఆహారమిచ్చు చెట్లు కావలెనని తలచి, కొబ్బరి, పనస, తాడి, అరటి మొదలగువానిని విరివిగా నాటింపవలెనని అధికారులకు సూచించెను. ఆ సూచన కావలసినంతగా ఆచరణకు రాలేదు. నలుబదియేండ్లకు నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమ డొక్కల కరువువాత పడి పెక్కు గ్రామములు పాడుపడెను.

1793లో కర్నలు కిడ్ మరణింపగా, కలకత్తా సమీపమున శిబ్‌పూరు నందలి కుంఫిణీ తోటకు రాక్స్‌బర్గు అధ్యక్షుడయ్యెను. అచ్చట ఇరువదియేండ్లు పనిచేసెను. దేశీయ చిత్రకారులచే వ్రాయించిన పటములు రెండువేల అయిదువందలకు మించినవి. తోటలోని మొక్కల పట్టికను ఆయన మిత్రుడు విలియం కేరీ 1814లో శ్రీరాంపురమున ముద్రించెను. సుమారు 3,500 మొక్కలు దాని కెక్కినవి. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడి 1813లో ఇండియాను విడిచియుండెను. 1815లో ఎడింబరో నగరమున మరణించెను. జీవితమంతయు శ్రమించి వ్రాసిన భారతదేశ వృక్షసముదాయ గ్రంథము ఆనాటికి వ్రాతప్రతిగానే యుండెను.

ఆ వ్రాతప్రతి చెదలపాలు కాకుండుటకు పరుల శ్రద్ధయే కారణము. కేరీ, వాలిక్ పండితులు కలసి 1820, 1824 సంవత్సరములలో రెండు భాగములు ప్రకటించిరి. 1832లో శ్రీరాంపురమున మూడు సంపుటములుగా వెలువడెను. అయినను 24వ తరగతి మిగిలిపోయినది. నాచుమొక్కలను, ఫెర్నులను గూర్చిన ఆ కడపటి భాగమును గ్రిఫిత్ అను వైద్యుడు 1844లో, గ్రంథకర్త గతించిన ఇరువదితొమ్మిదేండ్లకు, కలకత్తాలోని ఒక పత్రికయందు ప్రకటించెను.

పూలు లేని ఆ మొక్కల వంశవృద్ధి ఎట్లను ప్రశ్నకు రాక్స్‌బర్గు కాలమున సమాధానము లేదు. ఆ రహస్యమును 1851లో విప్పినవాడు హాఫ్‌మైస్టరు. ఆయన లైప్‌జిగు నగరమున సంగీతగ్రంథముల వర్తకుడు. విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. దుకాణపు పని మొదలుకాకమున్నే తెల్లవారుజామున సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి స్వయంకృషిచే నేర్చెను. వానకాలమున తడిగోడపై పచ్చని మెత్తవలె పరచుకొను నాచుమొక్కయే స్త్రీపురుష భాగములను ధరించును. నీటిబొట్టులో పురుషకణ మీదుకొనిపోయి అండమును చేరును. అందుండి సన్నని కాడ, కొనపై చిన్న బరిణె పుట్టును. బరిణె విచ్చి ధూళివంటి సిద్ధబీజములు వెదజల్లబడి క్రొత్త నాచగును. పాత దిగుడు బావుల రాతిసందులలో పెరుగు ఫెర్నునందు ఈ క్రమము తారుమారగును. మనము చూచు ఆకుల మొక్క సిద్ధబీజముల నిచ్చునది. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు వాని నిలయములు. అవి తడినేల పడి మొలచినపుడు గోరంత పచ్చని రేకు పుట్టును. స్త్రీపురుష సంయోగము ఆ రేకునందే జరుగును. నీరు లేనిచో ఈ రెండింటికిని సంతతి లేదు. ఇట్లు ఒక తరము సిద్ధబీజములను, మరు తరము స్త్రీపురుష కణములను ఇచ్చుట భూమిమీది మొక్కలన్నింటికి సామాన్య ధర్మమని హాఫ్‌మైస్టరు చూపెను.

వీనికిని పూలచెట్లకును నడుమ మరియొక వర్గము కలదు. తిరుమల కొండలపై పెరుగు పేరీత అట్టిది. దానికి పూవు లేదు, పండు లేదు. విత్తనములు పైకప్పు లేక పొలుసులవంటి ఆకుల అంచున బయటనే కాయును. ఈ వర్గపు అండములు అనావృతములని రాబర్ట్ బ్రౌను 1820 తరువాత నిరూపించెను. నాచు, ఫెర్ను, అనావృత విత్తనపు చెట్టు, పూలచెట్టు: ఈ నాలుగును నేల నాశ్రయించిన ముఖ్యవర్గములు.

రాక్స్‌బర్గు తుదివరకు ఎఱుగని సత్యమును ఒక వర్తకుడు తెలిసికొనెను. రాక్స్‌బర్గు వ్రాతలను మిత్రులు, శిష్యులు కాపాడిరి. ఆయన కన్నుల ఎదుట పటములు వ్రాసినవారి పేర్లను మాత్రము ఎవరును కాపాడలేదు. చెట్ల పేర్లు చెప్పిన పల్లెవారి పేర్లు అసలే వ్రాతకెక్కలేదు. పల్నాటి పల్లెలలో సోమిడను, బిళ్ళుడును చూపి పేరు చెప్పగల వృద్ధులు ఇంకను కలరు. వారి వెంట బడిపిల్లలు ఒకనాడు అడవికి పోయి, ఒక్కొక్క చెట్టు పేరును, పూచు మాసమును, కాయు తీరును, చెప్పినవారి పేరును గూడ ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచినచో, ఆ మహనీయుని గ్రంథమున విడిచిపోయిన పుట యొకటి పూర్తి యగును.