బొమ్మలకు ప్రాణం పోసిన విల్లిస్ ఓబ్రియన్

వెండితెరపై మహాకాయ మృగములను చూచి ప్రేక్షకలోకం భయపడుటకు, ఆ మృగముల కొరకే కంటతడి పెట్టుటకు కారకులైన వారిలో విల్లిస్ ఓబ్రియన్ ప్రథమగణ్యుడు. ఇతడు 1886వ సంవత్సరం మార్చి 2వ తేదీన అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఓక్లండ్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే ఇల్లు విడిచి పశువుల కాపరిగా, వ్యంగ్య చిత్రకారుడుగా, శిల్పిగా పలు వృత్తులు చేశాడు. పురాజీవ శాస్త్రజ్ఞులకు దారి చూపే పనిలో ఉండగా, ఏనాడో అంతరించిన రాకాసిబల్లులపై అతనికి ఆసక్తి జనించింది. వాటి బొమ్మలను చేసి, చలనచిత్రంలో నడిపించాలని సంకల్పించాడు.

అందుకు అతడు అనుసరించిన పద్ధతి చెప్పుటకు సులభం, చేయుటకు దుష్కరం. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఛాయాచిత్రం తీయాలి. మరల కదిపి మరొకటి తీయాలి. శబ్దచిత్రంలో ఒక్క నిమిషపు కదలికకు 1,440 ఛాయాచిత్రాలు కావాలి. ఈ విధంగానే కోనన్ డాయిల్ నవల ననుసరించి 1925లో 'ది లాస్ట్ వరల్డ్' చిత్రం వెలువడింది. అంతకు మూడేళ్ళ ముందు, 1922లో, డాయిల్ ఓబ్రియన్ తీసిన కొన్ని దృశ్యాలను న్యూయార్కులో ఇంద్రజాలికుల సమావేశంలో ప్రదర్శించగా, కనికట్టులో ఆరితేరిన వారు సైతం విస్తుపోయారు.

1933 మార్చి 2న, సరిగా అతని 47వ జన్మదినాన, 'కింగ్ కాంగ్' న్యూయార్కులో విడుదలైంది. ఆకాశహర్మ్యం నెక్కి విమానాలతో పోరాడిన ఆ మహావానరం నిజానికి రెండడుగులకు మించని బొమ్మ. లోహపు కీళ్ళ గూటిపై రబ్బరు, కుందేలు చర్మం తొడిగి మార్సెల్ డెల్గాడో దానిని నిర్మించగా, ఓబ్రియన్ దానికి కోపమును, తాపమును ప్రసాదించాడు. కాని కీర్తి వచ్చిన ఆ యేడే దారుణమైన పుత్రశోకం కూడా ప్రాప్తించింది. అక్టోబరులో అతని కుమారు లిరువురు కన్నతల్లి చేతనే హతులైనారు.

ఆ చిత్రం చూచి ముగ్ధుడైన బాలుడొకడు, రే హారీహౌసెన్, కొన్నేళ్ళకు తాను చేసిన బొమ్మలను తెచ్చి ఓబ్రియన్‌కు చూపించాడు. ఓబ్రియన్ పొగడి పంపలేదు. బొమ్మ కాళ్ళలో కండరాల తీరు లేదని చెప్పి, శరీరనిర్మాణ శాస్త్రం చదువుమన్నాడు. బాలుడు చదివాడు. 1949లో 'మైటీ జో యంగ్' చిత్రానికి గురుశిష్యులు కలసి పనిచేయగా, దాని మాయాదృశ్యాలకు ఆస్కార్ బహుమానం లభించింది.

1952లో 'కింగ్ కాంగ్' పునఃప్రదర్శన ఘనవిజయం పొందింది. ఆ ఊపులో మరుసటి యేడు అమెరికాలో, అణుపరీక్షతో మేల్కొన్న మృగాన్ని గూర్చిన చిత్రం వచ్చింది. ఆ మృగాన్ని నడిపినవాడు హారీహౌసెన్. 1954లో జపానులో 'గాడ్జిల్లా' వెలసింది. దాని మాయాదృశ్యాల నిర్మాత ఎయిజీ త్సుబురాయా 'కింగ్ కాంగ్'ను చూచి ప్రభావితుడైనవాడే.

అయితే ఓబ్రియన్‌కు మాత్రం పని కరవైంది. కాంగ్‌ను మరల తెరకెక్కించాలని అతడు కల్పించుకొన్న కథ అతనికి తెలియకుండానే చేతులు మారి, 1962 ఆగస్టులో జపానులో 'కింగ్ కాంగ్, గాడ్జిల్లాల పోరు'గా విడుదలైంది. అందులో అతని పేరు లేదు. ఆ నవంబరు 8న అతడు లాస్ ఏంజలిస్‌లో కన్నుమూశాడు.

1993లో 'జురాసిక్ పార్క్' చిత్రానికి కంప్యూటరుతో మృగములను సృష్టించినప్పుడు సైతం, బొమ్మలను చేతితో కదిపి నేర్చిన కళాకారులే వాటి నడకకు మార్గదర్శకులైనారు. అడుగక తీసుకొన్నవారు ఓబ్రియన్ పేరును మరుగుపరచినా, అడిగి నేర్చుకొన్న హారీహౌసెన్ 2013లో మరణించే వరకు తన గురువును స్మరిస్తూనే ఉన్నాడు.