డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జీవరసాయన గ్రంథాలలో ఎలుక కాలేయంలోని కొవ్వును కొలిచే అధ్యాయం తెరచిన ప్రతిసారీ, ఫిస్కే అన్న అమెరికన్ పేరు ప్రక్కన ఒక తెలుగు పేరు మాకు కనబడుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల నుండి వచ్చి సైన్సు చదువుతున్న మా విద్యార్థులలో చాలమంది ఆ పేరును కంఠస్థం చేసి పరీక్ష వ్రాస్తారే గాని, ఆ మనిషి ఎవరో ఎరుగరు. ఈ నాలుగు మాటలు వారి కొరకే వ్రాస్తున్నాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. పదమూడేళ్ళ వయసున యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడనౌతానని కాశీకి పారిపోబోగా, తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణుడైనాడు. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. ఇంతలో సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. తిన్న కొవ్వు ఒంటికి పట్టక మనిషి క్రమంగా క్షీణించే జబ్బది. తానూ దాని వాతబడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆ వ్యాధి మూలమేమిటన్న ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు.

మామగారి తోడ్పాటుతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సహాయంతోను 1923 అక్టోబరులో బోస్టన్ చేరాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా ఉంటూనే హార్వర్డులో పరిశోధన సాగించాడు.

1925లో ఫిస్కేతో కలసి ప్రకటించిన పద్ధతిని కొంచెం వివరిస్తాము. కాలేయపు తునకను నూరి, క్లోరోఫామ్, మిథనాల్ మిశ్రమంతో కొవ్వును వేరుచేస్తారు (ఇది తరువాతి వారు చేర్చిన మెట్టు). ఆ కొవ్వును గాఢామ్లంతో కాచగా అందలి భాస్వరం ఫాస్ఫేటుగా విడివడుతుంది. దానికి మాలిబ్డేటు, ఆపై అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే నీలివర్ణం పుడుతుంది. నీలిమ ఎంత గాఢమో భాస్వరం అంత అధికం. దాని తూకాన్ని 25తో హెచ్చిస్తే ఫాస్ఫోలిపిడ్ల తూకం సుమారుగా తేలుతుంది. పరీక్షనాళికలు శుభ్రంగా లేకున్నా, సబ్బులోని ఫాస్ఫేటు అంటుకున్నా లెక్క చెడుతుంది. మా ప్రయోగశాలలో కొందరికి ఇది అనుభవమే!

ఈ కొలబద్దతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ వేరుగా కనుగొన్నాడు. కణంలో కొవ్వు ఆమ్లం దహనం కావాలన్నా ముందు ఎ.టి.పి. వ్యయం కావలసిందే. ఇంత చేసిన వానికి హార్వర్డు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. అది అన్యాయమనే మేము తలుస్తాము.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారాడు. ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా ఉపకరించింది. బోదకాలు నివారణకు మన రాష్ట్రంలోను పంచిన డి.ఇ.సి. మాత్ర కూడ ఆయన బృందం ఇచ్చినదే.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే కన్నుమూశాడు. స్వదేశానికి తిరిగి రానేలేదు. పాతికేళ్ళ క్రితం సాగనంపిన భార్య శేషగిరికి ఆయనను మరల చూచే యోగం కలుగలేదు.