శ్వాసకు కాపలా కాచిన వైద్యురాలు

శస్త్రచికిత్సలో కత్తి పట్టిన చేయి లోకానికి కనబడుతుంది. రోగి తలవైపు నిలిచి అతని ఊపిరిని గమనించే వ్యక్తి ఎవరికీ జ్ఞాపకముండరు. అట్టి పనికి జీవితాన్ని అంకితం చేసి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేర్కొనబడుతున్న వనిత డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ. ఆమె హైదరాబాదుకు చెందిన పారసీ స్త్రీ.

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో వెలసింది. తొలినాళ్ళలో అక్కడ ఉర్దూలోనే వైద్యశాస్త్రం బోధించేవారని మా విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తించాలి. 1885లో ఆ పాఠశాలలో చేరిన అయిదుగురు స్త్రీలలో రూపాబాయి ఒకరు. 1889లో ఆమె హకీం పట్టం పొందారు. పరదా చాటున బాధను దిగమింగే స్త్రీలకు వైద్యురాలు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆనాడు క్లోరోఫారం గూర్చి పెద్ద వివాదం నడుస్తున్నది. మత్తులో మరణం గుండె ఆగుటవలన వచ్చునా, ఊపిరి ఆగుటవలన వచ్చునా అనేది ప్రశ్న. పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరిని గమనించుటే ప్రధానమనేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం కమిషన్లు పరిశోధనలు జరిపాయి. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చారు. లారీ వాదమే నిలిచినట్లు కమిషన్ తేల్చింది. రూపాబాయి ఈ వాతావరణంలోనే శిక్షణ పొందారు.

పిమ్మట ఆమె రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, జనానా ఆసుపత్రులలో రోగులకు మత్తు ఇచ్చారు. ఉన్నత విద్యకై ఎడింబరోకు, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్ళారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో విశ్రాంతి పొందారు.

అయితే హైదరాబాదు నిర్ణయం సంపూర్ణ సత్యం కాదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. ఊపిరిని, నాడిని రెండింటినీ కాచుకోవాలని శాస్త్రం నేర్చింది. నేడు క్లోరోఫారం వాడుకలో లేదు. గురువు మాట కూడ పరీక్షకు నిలవాలన్నదే ఇందులోని పాఠమని మా అభిప్రాయం.

ఆ కాపలా ఇప్పుడు చెవివరకు వచ్చింది. మన మండపేట ప్రాంతంలోను కాన్పు ఆపరేషన్లకు వెన్నులో మత్తు సూది వేయడం సామాన్యం. సూది చేసిన రంధ్రం గుండా వెన్నుద్రవం కారితే, దానితో సంబంధమున్న లోచెవి ద్రవపు ఒత్తిడి తగ్గి, కొందరికి మందర స్థాయి ధ్వనులు కొన్ని దినాలు సరిగా వినబడవు. సన్నని సూది వాడితే ఈ బాధ తగ్గుతుంది. చాలమందికి తానే నయమవుతుంది. పూర్తి మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాయువు మధ్యచెవిలోనికి చేరి కర్ణభేరిపై ఒత్తిడి తెస్తుంది. అందుచే చెవి ఆపరేషన్లలో వైద్యులు దానిని జాగ్రత్తగా వాడుతారు, లేదా మానివేస్తారు.

శస్త్రచికిత్స తరువాత చెవి దిబ్బడవేసినా, హోరు వినిపించినా మన తల్లులు అది వయస్సు దోషమని ఊరకుంటారు. విద్యార్థులారా, ఆ మాట వైద్యునికి చేరవేయండి. రూపాబాయి వంటివారి సేవకు మనమివ్వగల గౌరవం అదే.