జ్వరమూలాన్ని వెదకిన రోనాల్డ్ రాస్

అమీర్‌పేట, పంజాగుట్టల నుండి బేగంపేట వైపు వెళ్ళే మనలో ఎందరో, పాత విమానాశ్రయ సమీపాన గల ఒక పురాతన భవనాన్ని గమనించకుండానే సాగిపోతుంటాము. యుగాలుగా మానవజాతిని పీడించిన చలిజ్వరపు రహస్యం అక్కడనే బయటపడింది. దానిని ఛేదించిన సర్ రోనాల్డ్ రాస్ జీవితాన్ని సోదర విద్యార్థుల ముందుంచడం మా ఉద్దేశం.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. కవిత్వం, గణితాలపై మక్కువ ఉన్నప్పటికీ, సైనికాధికారియైన తండ్రి కోరికపై లండన్‌లో వైద్యం అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా క్రిమిని రోగి రక్తంలో లావెరాన్ 1880లోనే చూశారు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతుందో మాత్రం తెలియలేదు. దోమను శోధించమని 1894లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు రాస్‌ను ప్రోత్సహించారు.

1895లో సికింద్రాబాదు చేరిన రాస్ రెండేండ్లు వేరుజాతి దోమలను కోసి చూసి విఫలులైనారు. 1897 ఆగస్టు ఉక్కలో పంకా వీచితే దోమలు ఎగిరిపోతాయని దానిని ఆపించి పనిచేశారు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున తీసుకొని, తన దేహాన్ని దోమలకు అప్పగించాడు. ఆగస్టు 20న, అట్లా రక్తం త్రాగిన అనాఫిలిస్ దోమ జఠరపు గోడలో నల్లని రేణువులు గల కణాలు రాస్ కంటబడ్డాయి.

ఇంతకూ ఈ జ్వరంలో దేహానికి జరిగేదేమిటి? మన మెదడులోని హైపోథాలమస్ శరీరోష్ణాన్ని సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలుపుతుంది. మలేరియా క్రిములు ఎర్ర రక్తకణాలను చీల్చుకొని వెలువడినప్పుడు ఆ హద్దు పైకి జరుగుతుంది. అప్పుడు సహజోష్ణమే దేహానికి చలిగా తోస్తుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొంటాయి. కండరాలు వణకి వేడిని పుట్టిస్తాయి. హద్దు దిగగానే చెమట పోసి దేహం చల్లబడుతుంది. కనుక జ్వరం దేహం అదుపు తప్పడం కాదు, అదుపు మారడం. స్వయంగా వేడి పుట్టించుకోలేని బల్లిజాతి జీవులు సైతం రోగం సోకితే వెచ్చని తావు వెదకుకొంటాయని, ఆ వేడిమి వాటి ప్రాణాలను నిలుపుతుందని 1970వ దశకపు ప్రయోగాలు తెలిపాయి. అయితే మితిమీరిన జ్వరం ప్రాణాంతకమే.

రాస్ 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరుతుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి పొందారు. 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

రాస్ పేరు ఆ భవనంపై నిలిచింది. హుసేన్ ఖాన్ జీవితం గురించి చరిత్ర చెప్పేది స్వల్పం. ఆ దారిన వెళ్ళినప్పుడు ఇద్దరినీ స్మరించడం మన విధి.