పసివారికి కావలి: షాఫ్ట్స్‌బరీ ప్రభువు

దిక్కులేని పిల్లలను చూచి జాలిపడని సమాజం లోకంలో ఏనాడూ లేదు. అయితే జాలి వేరు, రక్షణ వేరు. జాలి క్షణంలో పుట్టి క్షణంలో అణగిపోతుంది. రక్షణకు చట్టం కావాలి. చట్టం చేసిన తరువాత అది అమలు జరుగుతున్నదో లేదో చూచే కన్ను కావాలి. జాలికీ చట్టానికీ, చట్టానికీ అమలుకూ నడుమ ఎంత దూరమున్నదో తెలిసికోవాలంటే పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో శ్రామిక బాలల కొరకు ఏబది యేండ్లు పాటుపడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు చరిత్రను మించిన పాఠం లేదు.

ఆంథొనీ ఆష్లీ కూపర్ 1801 ఏప్రిల్ 28వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. వంశం గొప్పది. తండ్రి షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ బిరుదుకు వారసుడు. తల్లి మార్ల్‌బరో డ్యూకు కుమార్తె. కాని కలిగినవారి ఇంట పుట్టిన మాత్రాన బాల్యం సుఖంగా గడుస్తుందన్న నియమం లేదు. తల్లిదండ్రులు పిల్లల యెడ కఠినులు. ఆ ఇంట బిడ్డను అక్కున చేర్చుకొన్నది మరియా మిల్లిస్ అనే పరిచారిక ఒక్కతే. దైవప్రార్థన నేర్పినది ఆమెయే. ఆయన బాల్యం గడవకముందే ఆమె కన్నుమూసింది. పోతూ పోతూ తన బంగారు గడియారం ఆ పిల్లవానికి విడిచిపోయింది. కడవరకు ఆయన ఆ గడియారాన్నే ధరించాడు. ఏడేండ్ల వయసులో చేర్చిన బడి కూడా క్రూరమైనదే. ప్రేమ దొరకని బిడ్డ మనసు ఎట్లా ఉంటుందో ఆయన పుస్తకాలలో చదివి తెలిసికొన్నవాడు కాడు.

తరువాత హారో పాఠశాలలో చదివే రోజులలో, సుమారు పదునాలుగేండ్ల ప్రాయంలో, ఒక బీదవాని శవయాత్ర ఆయన కంటబడింది. వెంట బంధువు లెవరూ లేరు. శవపేటికను మోస్తున్న మనుషులు తప్పతాగి, పాటలు పాడుతూ, తూలుతూ దానిని నేల జారవిడిచారు. చచ్చిన తరువాత సైతం బీదవానికి మర్యాద లేకపోవడం ఆ బాలుని కలచివేసింది. దిక్కులేనివారి పక్షాన నిలువాలన్న సంకల్పం ఆనాడే కలిగిందని ఆయన పెద్దవాడైన తరువాత చెప్పుకొనేవాడు. ఆక్స్‌ఫర్డులో ప్రాచీన సాహిత్యంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, 1826లో పార్లమెంటు కామన్స్ సభ్యుడైనాడు. అప్పటి కాయన లార్డ్ ఆష్లీ. సభలో మొదట పట్టించుకొన్నది పిచ్చివారి దుస్థితిని. గడ్డిపై గొలుసులతో కట్టివేయబడి పడియున్న రోగుల కొరకు చట్టాలు చేయించడంలో ఆయన పాత్ర గొప్పది.

ఆ రోజులలో ఆవిరి యంత్రాలు ఇంగ్లండు రూపురేఖలను మార్చివేస్తున్నవి. నూలు మిల్లులకు చిన్న చేతులు కావలసివచ్చినవి. తెగిన దారాలు ముడివేయడానికి, యంత్రాల క్రింద దూరి పత్తి పీచు ఊడ్చడానికి పసివారైతే చౌక. పైగా ఎదురు చెప్పలేరు. పారిష్ అనే స్థానిక సంఘాలు తమ పోషణలోని అనాథలను పని నేర్పే నెపంతో మిల్లులకు అప్పగించి భారం దించుకొనేవి. అనగా బిడ్డలను కాపాడవలసిన వ్యవస్థే వారిని అమ్మినంత పని చేసింది. 1802లో ఒక చట్టం, 1819లో మరొక చట్టం వచ్చినవి. 1819 చట్టం నూలు మిల్లులలో తొమ్మిదేండ్లలోపు వారిని పెట్టరాదన్నది. కాని అమలు చూడవలసిన భారం స్థానిక మేజిస్ట్రేట్లది. వారు తరచుగా మిల్లు యజమానుల ఇరుగుపొరుగువారే. చట్టం కాగితాన ఉన్నది. పిల్లలు మిల్లులో ఉన్నారు.

పనిగంటలు పదికి తగ్గించాలని సభలో పోరాడుతున్న మైకేల్ శాడ్లర్ 1832 ఎన్నికలలో ఓడిపోయాడు. కార్మికుల తరఫున ఒక మతాచార్యుడు వచ్చి ఆష్లీని ఆ భారం వహించమని కోరాడు. ఆష్లీ అంతవరకు మిల్లుల సంగతి అంతగా ఎరుగడు. ఒప్పుకొంటే మంత్రిపదవుల మీద ఆశ వదలుకోవలసిందే. భార్యతో ఆలోచించి ఒప్పుకొన్నాడు.

ఆయన తెచ్చిన పదిగంటల బిల్లు నెగ్గలేదు. దానికి బదులు ప్రభుత్వమే 1833లో ఫ్యాక్టరీ చట్టం చేసింది. పట్టు మిల్లులు మినహా బట్టల మిల్లులలో తొమ్మిదేండ్లలోపు పిల్లలకు పని నిషేధం. 9 నుండి 13 ఏండ్లవారికి వారానికి 48 గంటలు, 13 నుండి 18 ఏండ్లవారికి 69 గంటలు గరిష్ఠం. చిన్నవారికి దినానికి రెండు గంటల చదువు. ఆష్లీ కోరినదానికంటె ఇది తక్కువే. కాని దీనిలో పూర్వపు చట్టాలలో లేని ఒక అంశ మున్నది. మిల్లులలో ప్రవేశించి పరీక్షించే అధికారంతో నలుగురు ఇనస్పెక్టర్లను ప్రభుత్వం నియమించింది. దేశమంతటికీ నలుగురే. అయినా యజమానికి బంధువు కాని, ఋణపడని ఒక కన్ను మొదటిసారిగా మిల్లులోకి చూచింది.

ఆ కంటికి వెంటనే ఒక చిక్కు ఎదురైంది. ఎదుట నిలిచిన పిల్లవానికి ఎనిమిదేండ్లా, పదేండ్లా? అప్పటికి ఇంగ్లండులో జననాల ప్రభుత్వ నమోదు లేదు. వైద్యుడు బిడ్డ వాలకం చూచి వయసు ధ్రువీకరించాలి. ఎత్తును బట్టి, పండ్లను బట్టి వయసు కట్టే పద్ధతులు కూడా ఆలోచించారు. కూలి డబ్బు కొరకు తల్లిదండ్రులు, పని కొరకు యజమాని, ఇద్దరూ కలిసి అబద్ధమాడితే చట్టం చేయగలిగిం దేమున్నది? 1837లో జనన మరణాల నమోదు ప్రారంభమైన తరువాతనే వయసు అనేది క్రమంగా ఊహ నుండి ఋజువుకు మారింది. పిల్లల రక్షణకు రిజిస్టరులోని ఒక గీత ఎంత బలమో దీనివలన తెలుస్తుంది.

మిల్లుల తరువాత గనులు. 1838 జూలై 4వ తేదీన యార్క్‌షైరులోని సిల్క్‌స్టన్ దగ్గర హస్కర్ బొగ్గుగనిలోకి వాననీరు పొంగివచ్చి 26 మంది పిల్లలు మునిగి చనిపోయారు. అందరిలో చిన్నవానికి ఏడేండ్లు. భూమి అడుగున అంతమంది పిల్లలున్నారన్న సంగతే చాలామందికి అప్పుడు తెలిసింది. 1840లో ఆష్లీ ప్రేరణపై విచారణ సంఘం ఏర్పడింది. 1842లో వెలువడిన దాని నివేదికలో ఒక విశేషమున్నది. సభ్యులు చదువరేమోనని అందులో బొమ్మలు కూడా అచ్చువేశారు. గాలి తలుపుల దగ్గర చీకటిలో ఒంటరిగా పన్నెండు గంటలు కూర్చుండే అయిదారేండ్ల పిల్లలు, నడుముకు పట్టీ, కాళ్ళ నడుమ గొలుసు కట్టుకొని నాలుగు కాళ్ళ జంతువువలె బొగ్గుబండి నీడ్చే బాలికలు ఆ బొమ్మలలో కనిపించారు. దేశం సిగ్గుపడింది. ఆ యేడే స్త్రీలను, బాలికలను, పదేండ్లలోపు బాలురను గనుల అడుగున పనిచేయించరాదని చట్టం వచ్చింది. బాలురకు పదమూడేండ్ల హద్దు ఉండాలని ఆష్లీ కోరిక. గనుల యజమానులు బలంగా ఉన్న ప్రభువుల సభ దానిని పదికి దించింది. దేశంలోని గనులన్నిటికీ మొదట నియమింపబడిన ఇనస్పెక్టరు ఒక్కడే.

1844 చట్టం పిల్లల పనిని పూటకు తగ్గించి మిగిలిన పూట బడికి పంపమన్నది. కాని పనిలో చేరే వయసును తొమ్మిది నుండి ఎనిమిదికి దించింది. ఒక చేత ఇచ్చి మరొక చేత తీసికొన్నట్లు నడిచినది ఆ కాలపు సంస్కరణ. 1847లో పదిగంటల చట్టం నెగ్గిననాడు ఆష్లీ సభలో లేడు. ధాన్యం దిగుమతి సుంకాలను సమర్థిస్తామన్న మాటపై తన్ను ఎన్నుకొన్న ప్రజల యెదుట, ఆ అభిప్రాయం మారిన తరువాత సభ్యత్వం నిలుపుకోవడం ధర్మం కాదని 1846లో రాజీనామా చేశాడు. బిల్లును జాన్ ఫీల్డెన్ నడిపించాడు. పదమూడేండ్ల శ్రమ ఫలించే ఘడియలో తన పేరు లేకపోయినా, మాట తప్పిన పేరు రాకుండా చూచుకొన్నాడు.

విమర్శకులు ఆయనను ఒకచోట సరిగా దెబ్బకొట్టారు. మిల్లు పిల్లల కొరకు కన్నీరు కార్చే ఈయన తండ్రి ఎస్టేటులో వ్యవసాయ కూలీల గుడిసెలు ఎట్లున్నవో చూడండి అన్నారు. ఆ మాట నిజమే. 1851లో తండ్రి మరణించి ఎస్టేటు చేతికి వచ్చిన తరువాత అప్పులు చేసి ఆ ఇండ్లు బాగుచేయించాడు. అప్పటినుండి ఆయన షాఫ్ట్స్‌బరీ ప్రభువు.

అన్నిటికంటె ఎక్కువ కాలం ఆయనను వేధించినది పొగగొట్టాల సమస్య. లండన్ ఇండ్లలో బొగ్గుపొయ్యిల పొగ పోయే గొట్టాలు ఇరుకుగా, మెలికలుగా ఉండేవి. వాటిలోనికి చిన్న పిల్లలను ఎక్కించి మసి దులిపించేవారు. మోకాళ్ళు, మోచేతులు మొద్దుబారాలని ఉప్పునీరు రుద్దేవారు. మసి వలన ఈ పనివారికి క్యాన్సర్ వస్తున్నదని పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే వ్రాశాడు. పొడుగాటి కర్రకు కట్టిన కుంచె యంత్రాలు పంతొమ్మిదవ శతాబ్దారంభం నుండి ఉన్నవి. 1788, 1834, 1840 సంవత్సరాలలో చట్టాలు వచ్చినవి. 1840 చట్టం ఇరువది యొక్క ఏండ్లు నిండనివారిని గొట్టమెక్కించడమే నేరమన్నది. అయినా పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. ఎందువలన? మిల్లు యజమాని ఒకచోట ఉంటాడు. ఇక్కడ దోషి ప్రతి పెద్ద ఇంటి గృహస్థు. శిక్షించవలసిన మేజిస్ట్రేటు ఇంటి గొట్టం కూడా మెలికలదే. దానిని సరిచేయించే ఖర్చు కంటె పిల్లవాడు చౌక. చట్టాలు చేసిన ప్రభువుల మందిరాలలోనే చట్టం ఓడిపోయింది.

1863లో చార్లెస్ కింగ్స్లీ రచించిన జలశిశువుల కథ ఈ బాలుని గూర్చి దేశమంతా తలచుకొనేటట్లు చేసింది. 1864లో షాఫ్ట్స్‌బరీ తెచ్చిన చట్టం శిక్షలను పెంచింది. అదీ చాలలేదు. 1875లో కేంబ్రిడ్జి సమీపంలోని ఒక ఆసుపత్రి గొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు చిక్కుకొన్నాడు. గోడ పగులగొట్టి తీశారు. కొద్దిసేపటికే ప్రాణం పోయింది. ఎక్కించిన యజమానికి ఆరు నెలల కఠినశిక్ష పడింది. డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడైన షాఫ్ట్స్‌బరీ మరల లేచాడు. ఈసారి చట్టంలో నీతివాక్యాలు లేవు. పొగగొట్టాలు తుడిచే వృత్తిలో ఉన్న ప్రతివాడూ ఏటేటా పోలీసుల దగ్గర అనుమతి పత్రం పొందాలి. తప్పుచేస్తే అది పోతుంది. చట్టం అమలు చూడడం పోలీసుల విధి. అంతే. ఎనుబది యేడేండ్లు నాలుగు చట్టాలు చేయలేని పనిని ఆ ఒక్క ఏర్పాటు చేసింది. గొట్టమెక్కే పిల్లవాడు కథలలో మిగిలిపోయాడు.

బడి లేని వీధి పిల్లల కొరకు నడిచిన చింకిగుడ్డల బడుల సంఘానికి 1844 నుండి సుమారు నలుబది యేండ్లు ఆయనే పెద్ద. చొక్కా లేదని, చెప్పులు లేవని వెళ్ళగొట్టని బడులవి. అయితే ఆయన చేసిన ప్రతి పనీ మేలే చేసిందనడం చరిత్ర కాదు. ఆ బడుల పిల్లలను వలస రాజ్యాలకు పంపితే బాగుపడతారని నమ్మి, 1848లో ప్రభుత్వ సహాయం కోరాడు. బ్రిటన్‌లో ఆ ఆచారం తరువాత ఇతరుల చేత విస్తరించి, ఎందరో పిల్లలను సముద్రాల ఆవల, అడిగేవారు లేనిచోట బాధలపాలు చేసింది. అందుకు ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009లో, బ్రిటిష్ ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పినవి. సదుద్దేశం ఉన్నా, కన్ను చేరని చోటికి పంపిన బిడ్డకు రక్షణ లేదు.

ఇంటి గడపలోపలి క్రౌర్యం విషయంలో కూడా ఆయన చాలాకాలం తడబడ్డాడు. తల్లిదండ్రులు బిడ్డను హింసిస్తే అది చట్టానికి అందని సొంత వ్యవహారమని 1881లో అభిప్రాయపడ్డాడు. కాని 1884లో లండన్‌లో బాలహింసా నివారణ సంఘం ఏర్పడినప్పుడు దాని అధ్యక్షత వహించాడు. ఆ సంఘం కృషి వలన 1889లో, ఆయన మరణానంతరం, పిల్లలను హింసించే తల్లిదండ్రులను శిక్షించే చట్టం వచ్చింది.

మన దేశానికీ ఆయనకూ ఒక సంబంధమున్నది. బొంబాయి మిల్లులలోని పిల్లల స్థితిని ఆయన 1875లోను, 1879లోను ప్రభువుల సభలో ప్రస్తావించాడు. పోటీకి భయపడిన లాంకషైరు మిల్లుదారులు కూడా అదే కోరడం వలన ఇక్కడివారు అనుమానించారు. ఆ అనుమానానికి కారణమూ ఉన్నది. అయినా బొంబాయిలోనే సొరాబ్జీ షాపుర్జీ బెంగాలీ వంటివారు స్వతంత్రంగా ఆ చట్టం కొరకు పాటుపడ్డారు. రిప్పన్ ప్రభువు కాలంలో 1881లో మొదటి భారత ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేండ్లలోపు వారికి పని నిషేధం. 7 నుండి 12 ఏండ్లవారికి దినానికి తొమ్మిది గంటలు. నూరుమందికి తక్కువ ఉన్న చోట్లకు అది వర్తించదు. అక్కడినుండి 1920 నాటి మద్రాసు బాలల చట్టం, పదునాలుగేండ్లలోపు వారిని కర్మాగారాలలో, గనులలో పెట్టరాదన్న మన రాజ్యాంగపు 24వ అధికరణం, 2015 నాటి బాలల న్యాయ చట్టం వరకు దారి సాగివచ్చింది. మద్రాసు చట్టం వచ్చిననాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే.

షాఫ్ట్స్‌బరీ 1885 అక్టోబరు 1వ తేదీన ఫోక్‌స్టన్‌లో మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన ప్రార్థనకు ప్రభువులతోపాటు వీధి వర్తకులు, బూట్లు తుడిచే పిల్లలు తరలివచ్చారు. ఆయన కోరిక ప్రకారం స్వగ్రామమైన వింబర్న్ సెంట్ జైల్స్‌లో ఖననం చేశారు. లండన్ పికడిల్లీ కూడలిలో 1893లో నిలిపిన రెక్కల విగ్రహం ఆయన స్మారకమే. చూచేవారిలో చాలామంది దానిని మన్మథుని ప్రతిమ అనుకొంటారు.

ఆనాడు పండ్లు చూచి వయసు కట్టిన లోకానికీ నేటికీ ఎంత దూరమో ఒక్క విషయంతో గ్రహించవచ్చు. 2015 నాటి మన చట్టం ప్రకారం పిల్లల వయసు తేల్చవలసి వచ్చినప్పుడు మొదట చూడవలసిన ఆధారాలలో పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ పత్రం ఒకటి. అనగా ఉపాధ్యాయుడు వ్రాసే రిజిస్టరు కేవలం హాజరు పట్టిక కాదు. అది బిడ్డకు కవచం. వరుసగా నాలుగు దినాలు పేరు పిలిచినా పలుకని పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగే మొదటి మనిషి ఉపాధ్యాయుడే. షాఫ్ట్స్‌బరీ ఏబది యేండ్లు పార్లమెంటులో నిలిచి సంపాదించినది ఆ ప్రశ్న అడిగే అధికారాన్ని. దానిని అడగడం మరువకుండుటయే మన వంతు.